జాడీ కింద తాళంచెవి

ఊళ్ళోకి కొత్తగా వచ్చిన టోపీ ముసలాడు మా పెరట్లో దూరి, సోయా సాసు ఊరేసే జాడీని పక్కకు వంచి, కింద చెయ్యిపెట్టి తడుముతుంటే కళ్ళారా చూశానని దుకాణం ఆవిడ చెప్పిందట. ఆ మాటను పోసాంగ్ వదిన ఊరిపెద్ద దాల్సు దగ్గరికి మోసుకొచ్చింది.

"చూసి ఊరుకున్నాడా?" పట్టా మీద మిరపకాయలు తిరగేస్తూ అడిగాడు దాల్సు.

"ఎందుకూరుకుంటాడూ? పోయినేడు మిరపకోతకి ఏ ఊరి కుర్రాళ్ళొచ్చారు, ఎవరింట్లో దిగారు అని ఆరా కూడా తీశాడట. దొంగ కాకపోతే వాడికెందుకయ్యా ఆ గోల?"

దాల్సు చేతులు ఆగిపోయాయి.

కోతలు మొదలైన దగ్గర్నుంచీ ఊళ్ళో కొట్టాలు ఖాళీ అవుతున్నాయి. ఒకరి ఎండుమిరప బస్తాలు పోతే, ఇంకొకరి పవర్ టిల్లరే పోయింది. దాల్సు మైకులో అరిచి అరిచి అందరిచేతా తాళాలు కొనిపించాడు. కొట్టాలకు, ఇళ్ళకు, ఆఖరికి కోళ్ళగూళ్ళకూ తాళాలు పడ్డాయి.

తాళంచెవులు మాత్రం ఎప్పటి చోటే ఉన్నాయి. పెరట్లో, సోయా జాడీ కింద.

ఇంటివాళ్ళలో ఎవరు ముందొచ్చినా తీసుకోవాలి కదా. అమ్మమ్మల కాలం నుంచీ అంతే.

మర్నాడు పొద్దున్నే మైకు గురగురమంది.

"ఊరివాళ్ళందరికీ మనవి. బూడిదరంగు టోపీ పెట్టుకున్న కొత్త మనిషొకడు ఇంటింటికీ తిరిగి జాడీలు ఎత్తి చూస్తున్నాడు. కనబడితే వదలొద్దు."

బస్టాపు బల్ల మీద కూర్చున్న ఆ ముసలాయనకూ అది వినబడింది. అయినా ఊరు వదిలి పోలేదు.

ఆ సాయంత్రమే దాల్సు ఇంట్లో దొరికాడు.

అరుగు మీద దాల్సు తల్లి వెల్లుల్లి వలుస్తోంది. ముసలాయన వంగి ఆమె మెడలో ఏదో కడుతున్నాడు. దాల్సు ఒక్క ఉదుటున వెళ్ళి కాలరు పట్టుకున్నాడు.

"మా అమ్మ మెడకేం చేస్తున్నావురా?"

"మీ తాళంచెవేనండీ, తాడుకి కట్టి ఇస్తున్నాను. జాడీ కింద పెట్టకండి. ఆ చోటు బయటివాళ్ళకీ తెలుసు."

"నీకెలా తెలుసు?"

ముసలాయన తాడు ముడి బిగించాడు.

"ఇదేదో కొత్తరకం దొంగతనంలా ఉందే! దోచుకునే ముందు జాగ్రత్తలు కూడా చెబుతున్నాడు!" అన్నాడు దాల్సు.

మూగినవాళ్ళు విరగబడి నవ్వారు. ఎవడో లాగి ఒకటిచ్చాడు. టోపీ వెళ్ళి వెల్లుల్లి తట్టలో పడింది.

"ముద్ద తిన్నాడో లేదో అడగండ్రా," అంటోంది తల్లి. ఆమెకు చెవులు వినబడవు. ఆమె మాట ఎవరూ వినలేదు.

జేబులు వెతికితే చేతిరుమాలు, బస్సుకు చిల్లర తప్ప ఏమీ లేవు. పోలీసుల చుట్టూ తిరిగితే కోత పాడవుతుందని దాల్సే అతన్ని బస్టాపుకు ఈడ్చుకెళ్ళి బస్సెక్కించాడు.

"మళ్ళీ ఈ ఊళ్ళో అడుగుపెట్టావో, కాళ్ళు విరుగుతాయి."

"పెట్టనండీ. సంతరోజు మాత్రం అమ్మగారిని ఒంటరిగా వదలకండి."

"చూడరా, బెదిరింపు కూడానూ!" అంది పోసాంగ్ వదిన.

బస్సు వెళ్ళిపోయింది. దాల్సు ఇంటికొచ్చి, తల్లి మెడలోని తాడు విప్పి, చెవిని మళ్ళీ జాడీ కిందే పెట్టాడు.

సంతరోజు ఊరంతా బస్తాలేసుకుని టౌనుకు పోయింది. తల్లికి మోకాళ్ళనొప్పులు. లోపల పడుకోబెట్టి, భద్రంగా ఉంటుందని దాల్సు బయట తాళం వేసి వెళ్ళాడు.

తాళం చూసి ఇంట్లో ఎవరూ లేరనుకున్నానని ఆ తర్వాత పోలీసులకు చెప్పాడట దొంగ. ముసలమ్మ గదిలోంచి ఎదురొచ్చేసరికి కంగారులో తోసేశాడట. ఆమె తల గడపకు తగిలింది.

వాడు పోయినేడు మిరపకోతకు వచ్చి దాల్సు ఇంట్లోనే దిగిన కుర్రాడు. ఆమె చేతి అన్నం తిన్నవాడు. చెవి ఎక్కడుంటుందో వాడికి చూపించింది దాల్సే.

అంత్యక్రియల హాల్లో చామంతుల మధ్య తల్లి ఫొటో నవ్వుతోంది. దాల్సు ఎవరి మొహమూ చూడలేకపోతున్నాడు.

బూడిదరంగు టోపీ గుమ్మంలోనే తీసి, ముసలాయన లోపలికొచ్చాడు. ఫొటో ముందు రెండుసార్లు సాగిలపడ్డాడు. రెండోసారి లేవడానికి చాలాసేపు పట్టింది.

దాల్సు వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీ మాట విని ఉంటే మా అమ్మ బతికుండేది. దొంగవన్నాం. కొట్టాం."

పోసాంగ్ వదిన పలకరింపుకు వచ్చినవాళ్ళకు పెట్టే పొగలు కక్కే మాంసం పులుసు, అన్నం తెచ్చి ముందు పెట్టింది.

"తినండి బాబాయ్. నా పాడునోటికి వచ్చిందల్లా వాగాను. మనసులో పెట్టుకోకండి."

ముసలాయన చెంచా ముట్టుకోలేదు. పులుసు మీద నూనె తెట్టె కడుతోంది.

"మీది మా ఊరు కాదు. మాకు చుట్టమూ కాదు," అన్నాడు దాల్సు. "మా తాళాల కోసం అన్ని మాటలు ఎందుకు పడ్డారండీ?"

ముసలాయన తలెత్తి అతని కళ్ళలోకి చూశాడు.

"మీ అమ్మగారిని తోసినవాడు నా కొడుకు."