అక్కకు చెప్పిన జవాబు

నా పేరు ఉస్తీన్యా. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేను, ఒక మేక. అక్క మనవరాలు లరీసా మీద ఊరి పెద్దలకు నా ఫిర్యాదు ఇది.

మా అక్కకు రష్యాలోని మా తెగ భాష ఎర్జ్యా తప్ప మరో భాష వచ్చేది కాదు. ఆమె పోయిన నలభయ్యో రోజున, మా ఆచారం ప్రకారం, ఆమె బట్టలు లరీసాకు తొడిగి ఆమె చోట కూర్చోబెట్టాం. పోయినవాళ్లు ఆ బట్టలు తొడుక్కున్న మనిషిలోకి వచ్చి, చివరిసారి మాతో మాట్లాడి వెళ్తారు.

"బాగున్నావా చెల్లీ?" అని లరీసా అడిగింది. రష్యన్‌లో!

ఆ రోజు విందు కాగానే లరీసాను కడిగేశాను. "మీ అమ్మమ్మ పైకెళ్లి రష్యన్ నేర్చుకొచ్చిందా ఏమే? ఆమె మాట రానిదానివి, ఆమె బట్టలెందుకు తొడుక్కున్నావ్?"

"నాకు రాదని ఊరందరికీ తెలుసు చిన్నమ్మమ్మా. నీకు వచ్చుగా, మరి నువ్వు ఏ భాషలో జవాబు చెప్పావ్?"

అక్క చోట కూర్చున్న లరీసాకు నేనిచ్చిన జవాబు అప్పుడు గుర్తొచ్చింది. "బాగానే ఉన్నానక్కా, నువ్వు నిశ్చింతగా వెళ్లు" అన్నాను. రష్యన్‌లోనే అన్నాను. అక్కకు ఒక్క ముక్క అర్థమై ఉండదు.

ఫిర్యాదు కొట్టేయండి. అక్కను ఇంకొక్కసారి పిలవనివ్వండి. బట్టలు లరీసాకే తొడగండి. అది ఏ భాషలో అడిగినా సరే, జవాబు నేను ఎర్జ్యాలో చెబుతాను.

ఉస్తీన్యా వేలిముద్ర.
సాక్షులు: పొరుగింటి ప్రాస్కోవ్యా, లరీసా.