నించునే చూడాలండి

"బాబూ, కాస్త కూకోండి బాబూ. ఏం కనపడట్లేదు."

వెనక మెట్టు మీంచి ఎవరో చొక్కా పట్టుకు లాగితే ఉదయభాస్కర్ విసుగ్గా తిరిగి చూశాడు.

పొట్టిగా, బక్కగా, నలభై దాటిన ఆడమనిషి. ఒళ్ళో గుడ్డసంచి.

"బాస్కెట్‌బాల్ నించునే చూడాలండి," అన్నాడు. "కూచుని చూసేది హరికథండి."

పక్కనున్న చినబాబు పడీపడీ నవ్వాడు.

తణుకులో ఆడపిల్లల అంతర్ కళాశాల బాస్కెట్‌బాల్ ఫైనల్ అది. తొంభై ఎనిమిదో సంవత్సరం మాట. నరసాపురం నుంచి తమ కాలేజీ జట్టు ఫైనల్ దాకా రావడం అదే మొదలు. అందుకని ఉదయభాస్కర్ బస్సు నిండా కుర్రాళ్ళని పోగేసుకొచ్చాడు. గేలరీలో మొదటి మెట్టంతా వాళ్ళే. విజిల్ పడకముందే లేచి నించున్నారు. కూచుని అరిస్తే గొంతు పెగలదని అతని సిద్ధాంతం.

ఆడే అయిదుగురి పేర్లూ కలిపి పాట కూడా కట్టాడు. కెప్టెన్ దుర్గాశ్రీ పేరొచ్చినప్పుడల్లా డప్పు మోగాల్సిందే.

ఆవిడ మళ్ళీ చొక్కా లాగింది.

"మీరూ నించోండి పిన్నిగారూ. ఎవరొద్దన్నారు?"

ఆవిడ నించుంది. వెనక మెట్టు మీద నించున్నా వాళ్ళ భుజాల దాకానే వచ్చింది. మునివేళ్ళ మీద లేచి, వాళ్ళు ఊపుతున్న చేతుల సందుల్లోంచి తొంగి చూడ్డం మొదలెట్టింది.

దుర్గాశ్రీ పరిగెత్తుకుంటూ వచ్చి బంతిని రింగులో వేసింది. గేలరీ దద్దరిల్లిపోయింది.

ఆవిడ చప్పట్లు కొట్టలేదు. అసలు బంతి వైపే చూడలేదు. కళ్ళు రెండూ కోర్టుకి అవతల, రెండు జట్ల బెంచీలూ పక్కపక్కన వేసిన చోటనే ఉన్నాయి.

"ఆట అక్కడ కాదండి, ఇటు!" అన్నాడు ఉదయభాస్కర్.

"ఆయ్. మీరు చూడండి బాబూ."

చినబాబు అతని చెవిలో గొణిగాడు.

"ఒరేయ్, ఈవిడ తణుకు వాళ్ళ మనిషిరా. మనం బాస్కెట్ వేస్తే మొహంలో చలనం లేదు. చూడు, వాళ్ళ కోచ్ వంకే ఎలా చూస్తోందో!"

ఉదయభాస్కర్‌కి అది నిజమేననిపించింది.

ఇక అక్కణ్ణించి ఆవిడ ఎడమకి జరిగితే అతనూ ఎడమకి జరిగాడు. కుడికి జరిగితే చినబాబు అడ్డం వచ్చాడు. ఇద్దరికీ అదో ఆటయిపోయింది.

ఆవిడ మాత్రం సందు దొరికినప్పుడల్లా తొంగి చూస్తూనే ఉంది.

హాఫ్ టైమ్‌లో రెండు జట్లూ షెడ్డు నీడకి వెళ్ళిపోయాయి. బెంచీలు ఖాళీ అయ్యాయి. అప్పుడు కూలబడ్డారు కుర్రాళ్ళందరూ.

ఆవిడ సంచిలోంచి కాగితం పొట్లం తీసి ముందుకి చాపింది.

"జంతికలు. తినండి బాబూ. అరిచి అరిచి సొమ్మసిల్లిపోయేలాగున్నారు."

పొట్లం చేతులు మారి క్షణాల్లో ఖాళీ అయింది.

"శత్రువులవైనా కరకరలాడుతున్నాయిరా," అన్నాడు చినబాబు వేళ్ళు నాక్కుంటూ.

 మళ్ళీ ఆట మొదలవగానే లేచి నించున్న తనవాళ్ళ వైపు తిరిగి ఉదయభాస్కర్ అరిచాడు.

"కూచోండ్రా! ఉప్పు తిన్నాం కదరా ఆవిడది!"

అందరూ గొణుక్కుంటూ కూచున్నారు.

ఆవిడ గబుక్కున ముందుకి వంగింది. మొహమంతా వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే దుర్గాశ్రీ అవతలి పిల్ల చేతుల్లోంచి బంతి లాక్కుని రింగులో వేసింది. స్కోరు సమానమైంది. ఇంకెక్కడ కూచోడం! మెట్టు మెట్టంతా ఒక్కసారి లేచింది. తర్వాత మరెవరూ కూచోలేదు, కూచోవాలన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు, ఆఖరి విజిల్ దాకా.

ఒక్క పాయింటు తేడాతో నరసాపురం గెలిచింది!

ఎగిరి ఎగిరి అలిసిపోయాక ఉదయభాస్కర్ ఆవిడ వైపు తిరిగాడు. గెలిచిన వాడి పెద్దమనసుతో ఓదార్చాడు.

"ఏమనుకోకండి పిన్నిగారూ. మీవాళ్ళూ బాగానే ఆడారు."

"మావాళ్ళే కదా బాబూ గెలిచింది! మాది నరసాపురం పక్కన మొగల్తూరండి."

అతను తెల్లబోయాడు.

ఇంతలో కోర్టు దాటుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఒంటి మీద తమ కాలేజీ జెర్సీ, మడత కూడా నలగలేదు. చేతిలో బంతుల సంచి. దాన్ని దభీమని కింద పడేసింది.

"అమ్మా! రావద్దన్నానా? నన్ను ఆడించరని చెప్పానా?"

ఉదయభాస్కర్ ఆ పిల్లని ఎప్పుడూ చూసిన గుర్తు లేదు.

"నీ పేరేంటమ్మా?"

"వీరవేణండి. ఎక్స్‌ట్రా ప్లేయర్ని."

అతను కోర్టు అవతల ఉన్న బెంచీ వంక చూశాడు. ఇంతసేపూ తాము దేనికి అడ్డం నించున్నారో అప్పుడు తెలిసింది.

 ఉన్న కాస్త గొంతూ చించుకుని అరిచాడు.

"వీరవేణీ!"

"వీరవేణీ!" అంది గేంగంతా. డప్పు మోగింది. ఇంటికి పోతున్న తణుకు వాళ్ళు కూడా ఆగి వెనక్కి చూశారు. ఆ పిల్ల సిగ్గుతో తల్లి వెనక దాక్కుంది. తల్లి పకపకా నవ్వింది.

"ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాడు ఉదయభాస్కర్.

"చెబితే ఇలాగే అరుద్దురు. అదేమో నన్ను చూసి మొహం మాడ్చుకునేది."

"అయినా ఆడించరని తెలిసి కూడా అంత దూరం నుంచి వచ్చారేంటండి?"

ఆవిడ కూతురి జెర్సీ భుజం దగ్గర సర్దింది.

"నే చీకటితోటే చేపలబుట్ట ఎత్తుకెళ్ళిపోతాను బాబూ. ఇంటెడు చాకిరీ దీందే. బుద్ధెరిగిన కాణ్ణించీ ఇది కుదురుగా ఓ చోట కూకోగా నే చూళ్ళేదు. 'ఆటంతా నన్ను కూకోబెట్టేస్తారే' అని రాత్రి ఒకటే ఏడుపు... ఇది కూకునుంటే చూద్దామనే వచ్చాను."