తేనెపెట్టెలో దొరికిన పుస్తకం

“పేరు చెప్పండి. ఒక్క పేరు చెప్పి ఇంటికి వెళ్ళిపోండి.”

రహస్య పోలీసు కెప్టెన్ హోలుబ్ ఆ మాట అనడం పొద్దుట్నుంచి అది పదకొండోసారి. ఎదురుగా కూర్చున్న మెలానియా స్టెపానివ్నాకి చీమ కుట్టినట్టయినా లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఉక్రెయిన్‌లోని పోల్తావా చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి చదువు చెప్పింది. రిటైరయ్యాక తేనెటీగలు పెంచుకుంటోంది.

సోదాకి వెళ్ళినవాళ్ళు ఇల్లంతా తిరగేశారు. ఏమీ దొరకలేదు. చివరికి పెరట్లో ఈగలు లేని తేనెపెట్టె ఒకటి తెరిస్తే, మైనపు గుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం బయటపడింది. అట్టలు ఎప్పుడో ఊడిపోయాయి. లోపల ఉక్రెయిన్ జనం చరిత్ర, కీవ్ రాజుల దగ్గర్నుంచి కొసాక్కు యోధుల దాకా.

అది 1972, సోవియట్ పాలన. అలాంటి పుస్తకం ఇంట్లో ఉండటమే నేరం. పిల్లలకి చదివించడం అంతకన్నా పెద్ద నేరం. చదివించిందనడానికి సాక్ష్యం కూడా పుస్తకంలోనే ఉంది. ఎవరో పిల్లవాడు పేజీల అంచుల్లో పెన్సిల్‌తో ప్రశ్నలు రాసిపెట్టాడు. వాడి పేరు చెబితే ముసలామె కదా అని వదిలేస్తారు. చెప్పకపోతే ఏడేళ్ళు ఉత్తరాన మంచులో ఖైదీల శిబిరం. ఆ చలికి ఆవిడ ఏడేళ్ళు ఆగదు.

“వాడు ఈపాటికి పెద్దవాడై ఉంటాడు. ఎక్కడో ఉద్యోగం చేస్తూ, ఈ విషమంతా కడుపులో పెట్టుకుని తిరుగుతుంటాడు. ఎవడు వాడు?”

“నాకేం గుర్తు కెప్టెన్ గారూ! రెండువేల మంది మొద్దులకి చదువు చెప్పాను. మొద్దులంతా ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.”

టైపు మిషను ముందున్న లెఫ్టినెంట్ పానస్ నవ్వు ఆపుకున్నాడు. కెప్టెన్ చూపు పడగానే గొంతు సవరించుకుని పుస్తకం మీదికి వంగాడు.

“కామ్రేడ్ కెప్టెన్, ఈ అక్షరాలు చూడండి. ఎడమకి వాలి ఉన్నాయి. చెయ్యి ఒరుసుకుని పెన్సిలంతా అలుక్కుపోయింది. రాసినవాడిది ఎడమచేతి వాటం. చేతిరాత నిపుణుడికి పంపిస్తే...”

“పంపిస్తే ఏంటి?” కెప్టెన్ కస్సుమన్నాడు. “మన బడుల్లో ఎడమచేత్తో రాయనిస్తారా ఎవరినైనా? కొట్టయినా కుడిచేతికి మారుస్తారు. మారిపోయినవాడి రాత ఆ నిపుణుడు దేనితో పోలుస్తాడు? నీ తెలివి తెల్లారినట్టే ఉంది గానీ, వెళ్ళి టీ పట్రా.”

పానస్ వెళ్ళాడు. కెప్టెన్ పుస్తకాన్ని తనవైపు లాక్కుని ఒక్క విసురున మూడువందల పదకొండో పేజీ తెరిచాడు. రష్యా రాణిగారి సైన్యం కొసాక్కుల కోటని నేలమట్టం చేసిన ఘట్టం అది. పక్కన పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో: “ఇంత జరిగితే మా తాత నాకెందుకు చెప్పలేదు?”

“దీనికేం జవాబు చెప్పారు?”

“పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలేరా అన్నాను.”

“ఎవడితో అన్నారు?”

“ఆకలితో ఉన్న పిల్లాడితో. యుద్ధం అయిన మరుసటేడు. వాడి ఎడమచేతిని హెడ్మాస్టరు బెల్టుతో బెంచీకి కట్టేసేవాడు. బడి వదిలాక నేను కట్టు విప్పి ఈ పుస్తకం చేతికిచ్చేదాన్ని. నీకు ఏ చెయ్యి వస్తే ఆ చేత్తోనే రాసుకోరా అని.”

కెప్టెన్ బల్ల మీద గుద్దాడు. సిరాబుడ్డి ఎగిరిపడింది.

“కథలొద్దు! ముసలిదానివని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నావ్. వాడు నిన్ను తలుచుకుంటున్నాడనుకుంటున్నావా? రేపు శిబిరంలో నువ్వు చస్తే, పిడికెడు మట్టి వేయడానికైనా వస్తాడా వాడు?”

“రాడు,” అందావిడ. “వాడు ఉత్త పిరికివాడు.”

కెప్టెన్ ముఖం కందగడ్డలా అయింది.

“పిరికివాడి కోసం ఏడేళ్ళు పోతావా?”

“పిరికివాడైతే మాత్రం, నా దగ్గర చదువుకున్న పిల్లాడు కాకుండా పోతాడా?”

కెప్టెన్ లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

“ఇక్కడ చెప్పవు, సరే. రేపు కోర్టులో జడ్జి ముందు, ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా చెప్తావుగా?”

“అక్కడా చెప్పను.”

“ఖాయమేనా?”

“పొద్దుట్నుంచి చూస్తూనే ఉన్నారుగా.”

కెప్టెన్ ఆ రోజు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

పానస్ టీ తెచ్చాడు. కెప్టెన్ ఒకటే గ్లాసు అందుకున్నాడు, ఆవిడకి ఇవ్వలేదు.

“రాసుకో పానస్. పుస్తకం దొరికింది, తనదేనని ఒప్పుకుంది. అంతే. పెన్సిల్ రాతల సంగతి రిపోర్టులో ఎక్కించకు. పేరు తేలనప్పుడు అదంతా దండగ.”

“కానీ కామ్రేడ్ కెప్టెన్...”

“చెప్పింది రాయి!”

టకటకా టైపు కొట్టి కాగితం ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మొత్తం చదివింది. రెండు తప్పులు దిద్ది, అప్పుడు సంతకం పెట్టింది. పానస్ సిగ్గుతో తల దించుకున్నాడు.

కాపలావాడు వచ్చి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది.

“కెప్టెన్ గారూ, ఆ పిల్లాడు ఎప్పుడైనా ఎదురుపడితే ఒక మాట చెప్పండి. వాళ్ళ తాత ఎందుకు చెప్పలేదో వాడికిప్పుడు తెలిసే ఉంటుంది.”

“తీసుకుపోండి దీన్ని!”

కాపలావాడు ఆవిణ్ణి తీసుకుపోయాడు. కాగితాలు పట్టుకుని పానస్ కూడా వాళ్ళ వెనకే వెళ్ళాడు.

కెప్టెన్ హోలుబ్ తలుపుకి గడియ పెట్టి, సొరుగులోంచి రబ్బరు తీసి ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, పాతికేళ్ళ కిందట తను రాసిన ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా చెరపడం మొదలుపెట్టాడు.