టీవీ సౌండ్ తగ్గించండి

భార్య తంగమణి చనిపోయాక, పొద్దుగూకితే వేలాయుధన్‌కు టీవీయే దిక్కు. కేరళలో, ఒట్టపాలంలోని ఆ ఇంట్లో మరో మనిషి లేడు. గంజి తాగుతూ ఛానళ్లు మారుస్తుంటే, లోకల్ కేబుల్ వాళ్ల పాటల కార్యక్రమం దగ్గర వేలు ఆగింది. తంగమణి రోజూ ఫోన్ చేసేది దానికే. ఏనాడూ లైన్ కలిసేది కాదు.

"హలో, ఎవరండీ?" అంది యాంకరమ్మాయి.

"ఒట్టపాలం నుంచి తంగమణిని తల్లీ. ఇన్నాళ్లకు దొరికావు!"

వేలాయుధన్ చేతిలోని చెంచా గిన్నెలో పడింది. ఆ చప్పుడే టీవీలో ఆమె గొంతు వెనకనుంచి కూడా వినిపించింది.

"ఏం వండారు చేచీ ఇవాళ?" అక్కా అని పిలిచినట్టు ఆప్యాయంగా అడిగింది యాంకరమ్మాయి.

"నేనెక్కడ వండాను? ఆయన ఉత్త గంజి తాగుతున్నారు. మామిడికాయ పచ్చడి పైఅరలోనే ఉంది. వెతుక్కుంటేగా!"

"పాట ఎవరికి?"

"ఆయనకే. పోయేముందు చెప్పలేకపోయిన మాటొకటి ఉంది..."

టీవీ కీచుమంది.

"చేచీ, ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి. లేకపోతే లైన్ కట్ అయిపోతుంది."

"రిమోట్ ఆయన చేతిలో ఉంది తల్లీ. నా మాట ఎప్పుడు విన్నారు గనక?"

ఈసారి వేలాయుధన్ విన్నాడు. సౌండ్ పూర్తిగా తీసేశాడు.

ఇప్పుడు బాగుందన్నట్టు తెరమీద యాంకరమ్మాయి తలూపింది. ఏదో వింటూ నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ తిన్నగా అతనివైపే చూసింది.

వేలాయుధన్ బొటనవేలు రిమోట్ బటన్ మీదే ఆగిపోయింది. సౌండ్ పెంచితే లైన్ తెగిపోతుంది.