గ్రహణం పూట సిగ్నల్

"ఆ తీగె మా ఇంట్లకెల్లి తీసెయ్యి అరుణమ్మా. ఇయ్యాల ఒక్కనాడు," అన్నాడు వెంకట్రాజం, బట్టల దుకాణం తలుపుకు లోపలి నుంచి గడియ పెడుతూ.

అది 1980 ఫిబ్రవరి. మధ్యాహ్నం సూర్యగ్రహణం. వరంగల్ బజారులో అప్పటికే మనిషి లేడు. కాలేజీలో పరిశోధన చేస్తున్న అరుణ నెల కిందట, దుకాణం వెనకే ఉన్న ఆయన ఇంటి మేడ మీద అడిగి యాంటెన్నా కట్టింది. దాని తీగ కింది గదిలోని రిసీవర్‌కు దిగుతుంది. పక్క గదిలో ఆయన కోడలు సుగుణ చీకట్లో కదలకుండా పడుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు.

"ఇట్లాంటి గ్రహణం మళ్ల నాకు దొరకదు పెద్దనాయినా. ఓడలకు తొవ్వ చెప్పే ఉపగ్రహం సరిగ్గ ఆ టైముకే మన మీదికెల్లి పోతది. దాని సిగ్నల్ పై ఆకాశంల కొంచెం వంగుతది. ఎండ తగ్గితే ఎంత వంగుతదో చూడాలె."

"తొవ్వల సరుకు తరిగినట్టా?"

"అచ్చం అట్లనే. తరుగెంతో తెలిస్తే ఓడ తొవ్వ తప్పదు."

వెంకట్రాజం గడ్డం గోక్కున్నాడు. "లాభమొస్తే సముద్రానికి, నష్టమొస్తే మా ఇంటికి. ఇదేం బేరమమ్మా?"

ఆయన భార్య భద్రమ్మ కోడలి గుమ్మంలోంచి లేవలేదు. "గ్రహణం ఆ తీగె పట్టుకొని దిగదని రాసిస్తవా బిడ్డా? పెండ్లయి ఏడాది కాలే నీకు. కడుపుతోని ఉన్నదాని ఫికర్ నీకేం ఎరుక?"

అరుణ కొంగు సర్దుకుంది. "రిసీవర్ మీదికే తీసుకపోత పెద్దమ్మా. ఇంట్ల తీగె ముక్క ఉండదు. నీడ పడితే నా మీదనే పడనియ్యి."

ఇంటికి నష్టం లేని బేరం. వెంకట్రాజమే రిసీవర్ పెట్టె మోసి, మేడ తలుపు దగ్గర ఆగిపోయాడు.

ఎండ, రంగు దిగిన చీరలా పలచబడింది. వేపాకుల సందుల్లోంచి డాబా నిండా చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. కాకులు గూళ్లకు మళ్లాయి. రిసీవర్‌లో సన్నని ఈల మొదలై మెల్లగా జారుతూ పోయింది, ఎవరో దూరపు నీళ్ల మీద ఎవరినో పిలుస్తున్నట్టు. అరుణ కొంగు నిండుగా కప్పుకుని ఆ మసక వెలుగులో ఒంటరిగా కూర్చుంది. తలుపు సందులోంచి వింటున్న వెంకట్రాజానికి ఆ ఈలకు ఏం ధర కట్టాలో తోచలేదు.

గ్రహణం విడిచింది. భద్రమ్మ ఇల్లు కడగడం మొదలుపెట్టింది. కిందికి దిగిన అరుణను సుగుణ పిలిచింది. ఆమె ఇంకా పక్క మీంచి కదల్లేదు.

"అక్కా, నిజం చెప్పు. నా బిడ్డకేం కాదు గదా? భయమైతాంది."

అరుణ ఆమె పక్కన కూర్చుంది. సుగుణ చెయ్యి పట్టుకుని తన కొంగు కిందికి తీసుకుంది.

అరుణ కడుపులో బిడ్డ తన్నింది.