ఉప్పెక్కిన చేను

రాజ్యలక్ష్మి పట్టకారుతో సోడియం ముక్కను నీళ్ళలో వదిలింది.

అది బుస్సుమంటూ నీళ్ళ మీద పరుగెత్తి, పసుపుపచ్చ మంటై మాయమైంది.

"నీళ్ళలో మంటేంటమ్మా!" ల్యాబు గుమ్మంలోంచి ఎవరో కలలో ఉన్నట్టు అన్నారు.

ఆమె బెజవాడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. తరగతికి ముందు ప్రయోగం సరిచూసుకుంటోంది. ఆయన పేరు శౌరయ్య. కిందటేడు ఉప్పెన ముంచిన దివిసీమ పల్లె నుంచి, కండువాలో ఉప్పెక్కిన చేలమట్టి మూటకట్టుకుని వచ్చాడు.

"ఉప్పులో ఉండేదీ ఈ లోహమేనంటగా. మరి ఉప్పు మండదేమ్మా?"

"లోహంగా ఉన్నప్పుడు తన ఎలక్ట్రాన్‌ని వదిలించుకోవాలనే దాని ఆత్రమంతా. అందుకే ఆ మంట. ఉప్పులో దాన్ని క్లోరిన్‌కి ఇచ్చేసి అయాన్‌గా మారింది. ఇక మెరవదు, వంగదు, మండదు. నీళ్ళలో చప్పుడు లేకుండా కరిగిపోతుంది."

"ఇచ్చేశాక నెమ్మదించిందన్నమాట."

"నెమ్మదించినా మీ చేను పాడుచేసింది అదేనండీ."

"మా చేలు మళ్ళీ పండుతయ్యా?"

"జిప్సం చల్లి, మంచినీళ్ళు నిలగట్టి వదిలెయ్యండి. జిప్సంలో కాల్షియం మట్టిని పట్టుకుంటుంది. సోడియం నీళ్ళతో పోతుంది."

ఆయన ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. కిటికీ అవతల ఎండలో మెరుస్తున్న కాలువను చూస్తూ నవ్వాడు.

"పచ్చగా కనపడతందమ్మా నాకు, ఇప్పుడే."

రాజ్యలక్ష్మి మనసు చివుక్కుమంది. ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోతే ఈయనకి చేను మీదే ధ్యాసా? ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడగబుద్ధి కాలేదు.

మరుసటి ఏడు కార్తీకంలో పనిమీద దివిసీమ వైపు వెళ్ళి, శౌరయ్య ఊళ్ళో దిగింది.

పలచని మంచులో పొట్టకొచ్చిన వరి. ఎక్కడ చేను ఆగిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియటంలేదు. గట్టు మీద హనుమయ్య అనే రైతు కనిపించాడు.

"శౌరయ్యగారి చేను ఏదండీ?"

"ఆయన మొన్న వానాకాలం జ్వరమొచ్చి పోయాడమ్మా."

"అయ్యో! మరి పొలం ఎవరు చూస్తున్నారు? పిల్లలా?"

"పెళ్ళాం, బిడ్డలు ఉప్పెనలోనే పోయారు."

ఆమె చేల వైపు తిరిగింది.

"ఊరొదిలి పోతామన్న మమ్మల్ని ఆయనే ఆపాడు. చేను చేనుకీ జిప్సం మోశాడు."

హనుమయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"ఆయనకి సెంటు భూమి కూడా లేదమ్మా."