గొంతక్క ఇచ్చిన మాట

“కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కో అమ్మా. మైకుకి నీ గొంతు అందాలి కదా,” అన్నాడు స్టూడియో బాబాయి, గాజుకి అవతలి నుంచి.

గొంతక్క కుర్చీ లాక్కుంది. తలుపు మీద రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. చదవమని ఇచ్చిన కాగితాన్ని అలవాటు ప్రకారం ముందు కళ్లతో చదువుకుంటూ రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

“బాబాయ్, ఇది ఎవరు రాశారు?”

“నేనేనమ్మా,” అన్నాడు పార్టీ ప్రచార కార్యదర్శి, బాబాయి పక్కన కూర్చుని. “ఏమైనా తప్పులు దొర్లాయా?”

“వీధి బడులు మూసేస్తున్నామని రాశారు.”

“మూసేయడం అని ఎక్కడుంది? కలపడం అని ఉంది, సరిగ్గా చూడండి. అవతల పెద్ద బడిలో కలుపుతున్నాం, అంతే.”

ఆవిడకి ఒళ్లు మండింది. మండదా మరి. ఐదేళ్ల కిందట ఎన్నికలప్పుడు ఇదే మనిషి, ఇదే స్టూడియోకి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చాడు. అప్పటి ప్రభుత్వం వీధి బడులు కలిపేస్తానంటే, అది పేదపిల్లల నోట్లో మట్టి కొట్టడమేనని ఈ గాజు అవతలే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘తల్లులారా, నేను మీ అక్కను. మా పార్టీ గెలిస్తే మీ వీధి బడి మూతపడదు. ఇది నా మాట’ అని రాసిచ్చాడు. ఆవిడ మనసుపెట్టి చదివింది. ఆ రికార్డు వినిపించడానికి ఊళ్లో ప్రతి ఫోనూ మోగింది. అప్పటికి మూడేళ్లున్న కూతురు ఫోను చెవికి ఆనించుకుని ‘అమ్మ, అమ్మ’ అంటూ ఇల్లంతా గంతులేసింది. ఆవిడకి గొంతక్క అనే పేరు స్థిరపడింది కూడా ఆ ఎన్నికల్లోనే. కూరగాయల కొట్లో నోరు విప్పితే చాలు, బడి మూతపడదన్నది మీరే కదూ అని జనం వెనక్కి తిరిగి చూసేవాళ్లు. పార్టీ గెలిచింది. చెప్పు తెగిన మనిషికి ఇప్పుడు కారు తలుపు తీయడానికే ఒకడున్నాడు.

ఆ కూతురే ఇప్పుడు వీధి బడిలో మూడో తరగతి చదువుతోంది. పెద్ద బడికి పోవాలంటే లారీల రోడ్డు దాటాలి.

“అప్పుడు మూసేయడం అన్నది ఇప్పుడు కలపడం ఎలా అయిందండీ?”

“అప్పుడు మనం ప్రతిపక్షం కదమ్మా. లోపలికొచ్చాక గానీ అసలు సంగతులు తెలియలేదు.”

“తెలియకుండానే మాటిచ్చారా?”

“పరిస్థితులు మారాయి. అర్థం చేసుకోవాలి.”

“మాట మీది, గొంతు నాది. జనం మీ గడప తొక్కరు. నన్ను నిలబెట్టి అడుగుతారు.”

“అందుకేగా మిమ్మల్ని పిలిపించింది,” అన్నాడు కార్యదర్శి, సిగ్గు అనేది ఏ కోశానా లేకుండా. “మాటిచ్చిన అక్కే మళ్లీ చెప్తే తల్లులు నమ్ముతారు. ఎంతని, మూడు ముక్కలు.”

“ఓహో. ఎలా చదవమంటారు? ఇలాగా?”

గొంతక్క కాగితం ఎత్తి పట్టుకుంది. చంటిపిల్లకి మందు తాగించేటప్పుడు తల్లులు తీసే గొంతొకటి ఉంటుంది, ఆ గొంతు తీసింది. “తల్లులారా, నేను మీ అక్కను. వీధి బడిని పెద్ద బడిలో కలపడం మన పిల్లల మంచికే. నా బిడ్డనూ అక్కడికే పంపిస్తున్నాను.”

మరుక్షణం ఆ తీపి ఎటు పోయిందో. “ఇది రాయడానికి మీకు చెయ్యెలా వచ్చిందండీ? నా బిడ్డని కూడా ఇందులోకి లాగుతారా? ఇది చదివేకన్నా నోరు కుట్టేసుకుని ఇంట్లో కూర్చుంటాను.” కాగితాన్ని ఉండచుట్టి గాజు మీదికి విసిరింది.

పెద్ద గొడవే అవుతుందని ఆవిడ నడుం బిగించింది. కార్యదర్శి మాత్రం చిరునవ్వు నవ్వాడు.

“బలవంతమేం లేదమ్మా. మీ ఇష్టం మీది.”

బాబాయి తలెత్తలేదు. ఆవిడకి మైకు ముందు ఊపిరి తీయడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి ఆయన. మంచి బేరం పాడుచేశానని నొచ్చుకున్నాడు కాబోలు అనుకుంది.

“ఏమనుకోకు బాబాయ్.”

“నేననుకునేదేముందమ్మా. జాగ్రత్తగా వెళ్లు,” అన్నాడాయన, ఆవిడ వంక చూడకుండానే.

మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గర తల్లులంతా ఆవిడని చుట్టుముట్టారు. అందరికన్నా ముందు టైలరమ్మ నిలదీసింది.

“ఏం గొంతక్కా, బడి ఎత్తేస్తారంటగా. నీ మాట నమ్మి మా ఆయనతో పోట్లాడి మరీ ఓటేశాను. ఇప్పుడేమంటావు?”

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అయినా తల దించుకోలేదు.

“నిన్న నన్ను పిలిచారు. ఇది మన మంచికేనని మీకు చెప్పాలట. చెప్పనని మొహం మీద అనేసి వచ్చాను. ఆ మాట ఈ గొంతులోంచి రాదు. నా కూతురి మీద ఒట్టు.”

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టైలరమ్మ మెత్తబడింది.

“అయితే రేపు అందరం పెద్దాఫీసు ముందు కూర్చుందాం. మాట్లాడాల్సింది నువ్వే. నీ గొంతైతే నలుగురూ నమ్ముతారు.”

“మాట్లాడతాను,” అంది గొంతక్క. గుండెల మీంచి బండ దిగినట్టుంది. అప్పుడే సంచీ ఊపుకుంటూ బయటికొచ్చిన కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

అంతలో టైలరమ్మ ఫోను మోగింది. ఆ వెంటనే పక్కావిడది, ఆ తరవాత వరసగా అందరివీ.

“పార్టీ వాళ్లదే. ఎత్తనా?” అంది టైలరమ్మ.

“ఎత్తు. స్పీకర్లో పెట్టు. డబ్బుకి ఆశపడి ఏ సిగ్గులేని మనిషి చదివిందో అందరం విందాం.”

టైలరమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంది. ముందు పార్టీ పాట వచ్చింది. పాట ఆగాక, “తల్లులారా, నేను మీ అక్కను. వీధి బడిని…” అని వినబడింది.

“అమ్మా, ఇది నువ్వే,” అంది కూతురు.